మా మిద్దె మీద సౌడు, వీధిలో పిల్లులు

మదనపల్లెలో శెనక్కాయల మండీలో నా పనల్లా ఫోను పట్టుకొని కూర్చోవడమే. పొద్దున మండీ తలుపు తీసింది మొదలు దీపాలు పెట్టేదాకా ఆ నల్ల రిసీవరు నా చెవికి అతుక్కొనే ఉండేది. మద్రాసు రేటు కనుక్కో, పుంగనూరు ఏజెంటుకు చెప్పు, కుప్పం ఏజెంటును అడుగు. వాళ్లిద్దరూ వాళ్ల ఊళ్లల్లో పోస్టాఫీసుకు వచ్చి మాట్లాడాల. లైను కలిసేదాకా కాచుకోవాల, కలిసినాక గొంతు చించుకోవాల. అది నాకు చేతనయిన పనే. మద్రాసులో పుట్టి పెరిగినోణ్ణి, కోపం ముక్కు మీద ఉంటుంది, నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినపడుతుంది. మా సావుకారి నన్ను పనిలో పెట్టుకొనిందే ఆ గొంతు విని.

యుద్ధం రోజులు. మద్రాసు మీద బాంబులు పడతాయని జనమంతా మూటలు కట్టుకొని బయలుదేరినప్పుడు అమ్మా నేనూ కూడా వచ్చేసినాము. అక్కను కుప్పంలో ఇచ్చినారు. అది మొదటి పురిటికి మా దగ్గరికి వచ్చింది, మిషన్ ఆస్పత్రిలో ఆడపిల్లను కనింది. తల్లీ బిడ్డా ఇంటికొచ్చి మా వెనక గదిలో పడుకున్నారు. నేను చెప్పబోయేదంతా ఆ గది నెత్తిన జరిగిందే.

మేం అద్దెకుండింది మట్టిమిద్దె. మద్రాసులో నాకు పెంకుటిల్లు తెలుసు, గచ్చు మేడ తెలుసు, ఇది తెలీదు. దూలాల మీద కట్టెలు పరిచి, దాని మీద మట్టి పోసి, ఆ పైన ప్రతి ఏడూ వానలకు ముందర సౌడు పోస్తారు. సౌడంటే చవిటి నేలలో తవ్వే తెల్లమట్టి. పొడిగా ఉన్నంతసేపూ జల్లించిన పిండి మాదిరి ఉంటుంది. తడిసి ఆరిందంటే బండ. ఇంక చుక్క నీరు కిందికి దిగనీదు.

ఆ ఎండాకాలం వాల్మీకిపురం దోవలో నుంచి గాడిదల మీద సౌడు తెప్పించి మిద్దెంతా పోయించినాము. పోసినాయన చదును చేసి దిగి, చేతులు దులుపుకొని పోతా ఉంటే అడిగినాను.

"ఇంతేనా? ఇట్లే వదిలేసేదా?"

"ఇంతే కదప్పా. తొలివాన పడితే అదే కూసుంటాది."

వీధిలో అందరూ అట్లే చేసినారు. పోసి, వాన కోసం ఆకాశం చూస్తా కూర్చున్నారు. వానకంటే ముందు పిల్లులు వచ్చినాయి.

మా వీధిలో మిద్దెలన్నీ గోడకు గోడ ఆనుకొని ఉంటాయి. ఈ చివర ఎక్కిన పిల్లి నేల తొక్కకుండా ఆ చివర దిగొచ్చు. మా పక్కింట్లో దూది ఏకే సాయిబు, ఆయన భార్య ఉండేవాళ్లు. ఆయన పొద్దంతా విల్లు కట్టుకొని టంగ్ టంగ్ మని దూది ఏకేవాడు, ఆమె పరుపులు కుట్టేది. వీధంతా ఆమెను పరుపులామె అనేది. దూది ఉన్నచోట ఎలకలు చేరతాయి కాబట్టి ఆమె పిల్లుల్ని పెంచేది. పెంచినవి కొన్ని, వాటిని చూసి చేరినవి కొన్ని. అన్నిటికీ మా మిద్దె మీద సౌడు నచ్చింది.

మొదట వాసన వచ్చింది. మిద్దెల్లో వెలుతురు కోసం పైన ఒక కంత పెడతారు, గవాక్షి అంటారు దాన్ని. వెలుతురుతో పాటు ఆ కంపంతా దాంట్లోనుంచే నేరుగా ఇంట్లోకి దిగేది. పైకెక్కి చూస్తే ఏముంది, యాడ చూసినా గుంతలు. తవ్వి, పని కానిచ్చి, కప్పి పెట్టి పోయినాయి. కొన్ని గుంతలు కింది మట్టి కనపడేంత లోతు.

సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కవాళ్ల అత్త కుప్పం నుంచి మనవరాల్ని చూడను వచ్చింది. పెద్ద గొంతు, పెద్ద బొట్టు. ఆమె మాట్లాడితే సగం తెలుగు, సగం అరవం. అన్నం ముందర కూర్చొని ముద్ద ఎత్తి, మళ్లీ దించింది.

"ఏమి వాసన వదినా ఇది?"

"పక్కింటి పిల్లులు వదినా. మిద్దె మీదికి వస్తాండాయి," అనింది అమ్మ, తప్పు తాను చేసినట్టు.

ఆమె లేచి వెనక గదిలోకి పోయి పైకప్పు చూసింది. నిరుటి వానకు కారిన మరకలు ఉండాయి ఆడ. మంచం చూసింది, ఉయ్యాల చూసింది.

"వాన పడితే ఆ పిల్లుల పాడంతా కరిగి పసిదాని నోట్లో పడాల్నా? చెప్తాండా వినండి. తొలివానకు ఈ గదిలో ఒక చుక్క పడిందా, తల్లినీ బిడ్డనూ కుప్పం తీసుకపోతా. మాది పెంకుటిల్లు."

ఆమె మాట అంటే మాటే. అక్క నా పక్క చూసింది. దానికి అయిదో నెలదాకా ఉండాలని. కుప్పంలో అంత మంది ఉండే ఇల్లు, అడుగుపెట్టిన రోజే పొయ్యి దగ్గర నిలబడాల. ఇంకా సరిగ్గా లేచి నడిచేది కూడా లేదు అది.

"ఒక్క చుక్క పడదు అత్తా," అన్నాను.

"నువ్వు మద్రాసోడివి. మిద్దె సంగతి నీకేం తెలుసు తంబీ?"

అంతే, నాకు తల మండింది. ఆమెను ఏమీ అనలేక మిద్దెక్కి పక్కింటి పక్కకు వంగి ఆ కోపమంతా పరుపులామె మీద చూపించినాను.

"ఏమ్మా, నీ పిల్లుల్ని కట్టేసుకో."

ఆమె పరుపు కుడతా తల కూడా ఎత్తలేదు. "పిల్లిని కట్టేసేదా? మద్రాసులో కడతారా బేటా?"

"మా మిద్దెంతా పాడుచేస్తాండాయి."

"మా పెరడు సూడు, అంతా బండలే. మా మిద్దె సూడు, ఈ ఏడు సౌడే పొయ్యలేదు, గట్టిగా ఉండాది. అవి యాడ పోవాల పాపం? మీరు పోసినారు మెత్తగా, వచ్చినాయి."

"నువ్వు పాలు పోసి పెంచి మా మీదికి తోలతాండావు."

"పొయ్యకుంటే ఎలకలు నా దూదిలో పిల్లలు పెడతాయి. పిల్లులొద్దంటే చెప్పు, ఎలకల్ని పంపిస్తా."

సాయిబు విల్లు ఆపి నవ్వినాడు. విల్లు ఆగేసరికి మా ఇంట్లో పసిది లేచి ఏడుపు మొదలుపెట్టింది. దానికదొక అలవాటు. టంగ్ టంగ్ మోగతా ఉంటే నిద్ర, ఆగిందంటే ఏడుపు.

"పోలీసులకు చెప్తా," అన్నాను.

"చెప్పు నాయినా. ఫోన్లో చెప్పు. ఎప్పుడూ నీ చేతిలోనే ఉంటాదంట కదా."

మరుసటి రోజు అత్త కుప్పం పోయింది. ఆ రోజు నుంచి యుద్ధం రెండు చోట్ల జరిగింది. ఒకటి పేపర్లో, ఒకటి మా మిద్దె మీద.

మొదట మిరప్పొడి చల్లినాను. గాలి లేచింది, పొడి కూడా లేచింది, గవాక్షిలోనుంచి తిన్నగా ఇంట్లో దిగింది. అమ్మ దగ్గు, నా దగ్గు, లోపల అక్క దగ్గు. పిల్లులు పిట్టగోడ మీద కూర్చొని చూసినాయి. తరువాత తుమ్మకంప తెప్పించి పరిచినాను. పిల్లులకు అది నీడ అయింది. ముల్లు మాత్రం నా కాల్లో దిగింది. కుంటుకుంటా మండీకి పోతే సావుకారి అడిగినాడు, ఫోన్లో పుంగనూరు ఏజెంటు కూడా అడిగినాడు.

"ఏమప్పా, గొంతు నీరసంగా ఉండాది?"

చెప్పినాను. శెనక్కాయల రేటు పక్కన పెట్టి ఆయన వైద్యం మొదలుపెట్టినాడు. "నీలగిరి తైలం చల్లు. ఒక్కటి రాదు."

మధ్యలో ఎక్స్‌ఛేంజిలో కూర్చున్నాయన దూరినాడు. "సార్, తైలం వద్దు. మా అత్తగారింట్లో ఇంగువ నీళ్లు చల్లినారు."

"నువ్వు మా మాటలు వింటాండావా?"

"వినకుంటే లైను కలిసిందో లేదో ఎట్ల తెలుస్తాది సార్?"

తైలమూ చల్లినాను, ఇంగువ నీళ్లూ చల్లినాను. మా ఇల్లు ఒక పూట ఆస్పత్రి మాదిరి, ఒక పూట సాంబారు మాదిరి వాసన కొట్టింది. పిల్లులు ఒక పూట మానేసి రెండో పూట వచ్చినాయి. నేను రోజూ తెల్లారి పైకెక్కి, గుంతల్లో పాడంతా ఎత్తి పారేసి, మిగిలిన సౌడు జల్లెడ పట్టి గుంతల్లో పోసి, అరచేత్తో నున్నగా సవరించి దిగేవాణ్ణి. మండీలో వాళ్లకు గొప్పగా చెప్పేవాణ్ణి కూడా, మా మిద్దె ఎంత శుభ్రంగా ఉంటుందో వచ్చి చూడండని.

ఒక ఆదివారం మండీ లేదు. గవాక్షి పక్కన దుప్పటి కప్పుకొని, చేతిలో రాయి పెట్టుకొని కూర్చున్నాను. పరుపులామె బూడిదరంగు పిల్లి గోడ మీద నుంచి దిగింది. దాన్ని కొట్టాలని చెయ్యి ఎత్తినాను గానీ అది చేసే పని చూసి ఆగిపోయినాను. ఒక్కో అడుగూ వేసేముందర అది ముందరికాలితో సౌడును తాకి చూస్తా ఉంది. అమ్మ గుడ్డలు పిండి ఆరేసే తీగ కింద కూడా తాకింది. ఆడ రోజూ నీళ్లు కారి, ఎండి, సౌడు పెచ్చు కట్టి ఉండేది. పిల్లి కాలు వెనక్కి తీసుకొని విదిలించుకొనింది, అక్కణ్ణుంచి లేచింది. నేరుగా పోయి, తెల్లారి నేను జల్లెడ పట్టి నున్నగా సవరించిన చోట కూర్చునింది.

నేను ఇన్నాళ్లూ చేసిందేమంటే రోజూ వాటికి కొత్త పడక పరిచి పెట్టినాను.

రాయి కింద పారేసి లేచి నవ్వినాను. వాన వచ్చి కూర్చోబెట్టాల్సిన సౌడును నేనే కూర్చోబెడితే? వాన దాకా ఎందుకు ఆగాల? ఊరంతా ఆగుతుంది కాబట్టి ఆగినాము, అంతకంటే కారణం లేదు.

నీళ్లు యాడ? బావులు అడుగంటి ఉండాయి. ఇంట్లో నీళ్లు దండిగా వాడేది ఒక్క అక్కే. బాలింత కదా, రోజూ కాగులకు కాగులు వేణ్ణీళ్లు పోసేది అమ్మ. ఆ నీళ్లు తూము దగ్గర గంగాళం పెట్టి పట్టినాను.

అమ్మ అడ్డం పడింది. "పురిటి నీళ్లు ఇంటి నెత్తిన పోస్తావా? మైల కాదూ?"

"పిల్లి చేసింది మైల కాదా? వాన మాత్రం మడి కట్టుకొని వస్తాదా?"

లోపల అక్క నవ్వింది. అమ్మ తూము దగ్గర నుంచి పక్కకు జరిగింది.

పొద్దున మండీకి పోయేముందర కొంచెం, వచ్చినాక కొంచెం. నీళ్లు చల్లి, సౌడు పదునుకు వచ్చినాక కొయ్య దిమ్మిసతో బాదేవాణ్ణి. చేతులు బొబ్బలెక్కినాయి. ఫోను పట్టుకొంటే మంట. ఎదురింటి పెద్దాయన తన మిద్దె మీద నుంచి చూసి అడిగినాడు.

"ఏమప్పా, వాన పని కూడా నువ్వే చేస్తాండావా? ఇంక దేవుడికి పనేం మిగలబెట్టినావు?"

"మీ మిద్దె ఆయనకే వదిలిపెట్టినాను లెండి."

బాదిన చోటంతా రెండు రోజుల్లో పెచ్చు కట్టింది. పిల్లులు తాకి, కాలు విదిలించి పక్కకు జరిగినాయి. నేను బాదేకొద్దీ అవి జరిగినాయి. అవి జరిగేకొద్దీ నాకు ఊపు వచ్చింది. చివరికి ఒక్క ముక్క మిగిలింది. అది వెనక గది నెత్తిన. ఆడ దిమ్మిస వేస్తే కింద మట్టి రాలి, దెబ్బకు పసిది ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చింది. అమ్మ కిందనుంచి అరిచింది, ఆ గది మీద ఇంకొక దెబ్బ పడితే ఊరుకోనని. బాలింతను గది దాటించేదానికీ ఒప్పుకోలేదు.

ఇంకేం, కొన్ని పక్క మిద్దెలకు పోయినాయి గానీ, మా మిద్దెకు అలవాటు పడిన పిల్లులన్నీ ఆ ఒక్క ముక్క మీదికి చేరినాయి. ఇంతకు ముందు మిద్దెంతా చేసే పని అంతా ఇప్పుడు సరిగ్గా మా అక్క మంచం నెత్తినే. కుప్పం అత్త చూపించిన చోటే, వెతికి పెట్టినట్టు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం కుప్పం లైను కలిసింది. రేటు అడిగినాను. అవతల ఏజెంటు గొంతు వినపడలేదు, హోరు వినపడింది.

"ఏమి ఆ సద్దు?"

"వానప్పా. కుండపోత. పోస్టాఫీసులో ఇరుక్కున్నా."

నేను లైను పెట్టేసి పుంగనూరు అడిగినాను. ఎక్స్‌ఛేంజి ఆయన ఇంకేమీ అడక్కుండా కలిపినాడు. పుంగనూరు ఏజెంటు చెప్పినాడు, ఆడ చినుకు లేదు గానీ పలమనేరు పక్క అంతా నల్లగా ఉండాదని.

"ఇంకొక మాట. మీ అక్కవాళ్ల అత్త ఈడ తమ్మునింటికి వచ్చి ఉండాది. సాయంత్రం బస్సుకు మీ ఊరు వస్తాదంట. చెప్పమనింది."

రిసీవరు బల్ల మీద పెట్టి లేచినాను. సావుకారి అడిగినాడు, "యాడికి రా?"

"వాన వస్తాంది."

"వానొస్తే గోదాములో మూటలు చూడాల గదా."

"మీ గోదాముకు పెంకులుండాయి," అని అరిచి, చెప్పులు చేత పట్టుకొని పరిగెత్తినాను. నేను అట్ల పరిగెత్తడం ఊరు అంతకు ముందు చూడలేదు.

పైకెక్కితే సోమల కొండల పక్క ఆకాశం కాటుక మాదిరి ఉంది. గాలి చల్లబడింది. ఆ ముక్క మీద గుంతలే గుంతలు. కంపు కొట్టే సౌడంతా గంపకెత్తినాను. ఎత్తేకొద్దీ కోపం నెత్తికెక్కింది. ఆ గంప తీసుకపోయి పరుపులామె పెరట్లోకి దొర్లించినాను.

"ఇదో, నీ పిల్లులది నువ్వే ఉంచుకో."

ఆమె లేచి నడుం మీద చెయ్యి పెట్టుకొని ఆ కుప్ప చూసింది, నన్ను చూసింది. తిడతాదనుకున్నా.

"ఆ మూలలో పోసుండకూడదా? పగిలిన గోలెం ఉండాది సూడు. ఇంకా ఉందా?"

"ఉంది."

"దాంట్లో పొయ్యి, తడవకుండా పైన రేకు కప్పుతా. వాటికీ ఒక చోటు ఉంటాది కదా."

రెండో గంప గోలెంలో పోసినాను. దిమ్మిస ఎత్తినాను, దించలేక నిలబడినాను. కింద పసిది పడుకొని ఉంది. ఆమెకు అర్థమైంది. మా ఇంట్లో ఏడుపులన్నీ ఆమెకు గోడ అవతల నుంచి వినపడేవే.

లోపలికి తిరిగి సాయిబును కేకేసింది. ఆయన దూది మూట కట్టేసి విల్లు గోడకు తగిలిస్తా ఉన్నాడు. చెమ్మ గాలి వచ్చిందంటే దూది ఏకరు.

"విల్లు తియ్. పాప లేస్తాది."

"గాలి సూడవే, దూది పాడయిపోతాది."

"పాత దూది ఏకు. ఏమీ లేకుంటే ఉత్త తీగే కొట్టు."

టంగ్, టంగ్ అని మొదలైంది. నేను ఆ దెబ్బ మీదే దిమ్మిస దించినాను. ఆయన టంగ్ మంటే నేను దబ్. మొదటి దెబ్బ వేసి గవాక్షి పక్క చెవి పెట్టి విన్నా. ఏడుపు రాలేదు. అక్క మంచం మీద నిలబడి, మట్టి రాలకుండా ఉయ్యాల మీద చీర పట్టుకొని ఉందని తరువాత తెలిసింది. ఆయన జోరు పెంచితే నేనూ పెంచినాను. అమ్మ గంగాళాలు అందిస్తానే ఉంది, ఏ నీళ్లో, మైలో కాదో చూడకుండా. జల్లెడ పట్టిన కొత్త సౌడు పోసి, తడిపి, బాది, మళ్లీ తడిపి, బాది. తెల్లటి ముక్క నా కళ్ల ముందరే ముదురు రంగు తిరిగి బిగుసుకుంది. చివరి దెబ్బ వేసి, గవాక్షి మీద మూకుడు బోర్లించి నిచ్చెన దిగతా ఉంటే మొదటి చినుకు నా మెడ మీద పడింది.

వాన అంటే వాన. వీధి కనపడలేదు. అంత వానలో అక్కవాళ్ల అత్త బస్సు దిగి తడిసి ముద్దై వచ్చింది. తల కూడా తుడుచుకోకుండా వెనక గదిలోకి పోయి పైకి చూస్తా నిలబడింది. మేమంతా పైకి చూస్తా నిలబడినాము. ఎదురింట్లో నుంచి గిన్నెల చప్పుడు మొదలైంది. ఆ పక్కింట్లో తపేలా, ఇంకో ఇంట్లో బిందె. వీధంతా కారే చోట్ల ఏనాలు పెడతా ఉంది. టప్, టప్, టిక్. మా ఇంట్లో నిరుటి మరకలు ఎండి ఎండినట్టే ఉండాయి.

తలుపు తట్టినారు. పరుపులామె, నెత్తిన దూది మూట. వెనక సాయిబు, ఆయన నెత్తిన ఇంకో మూట.

"మాది కారతాండాది బేటా. ఈ వీధిలో దూది పెట్టుకొనే దానికి మీ ఇల్లు ఒకటే ఉండాది."

ఆ మాట ఆమె నోట, అక్కవాళ్ల అత్త వినేటట్టు. నేను రేటు చెప్పేటప్పటి గొంతుతో అన్నాను, "రాండమ్మా, ఎన్ని మూటలైనా తెచ్చుకోండి. మా ఇంట్లో చుక్క పడదు." ఆమె వెనకే బూడిదరంగు పిల్లి కూడా వచ్చి పొడినేల చూసుకొని కూర్చునింది. ఆ ఒక్క పూట దాన్ని ఏమీ అనలేదు.

అత్త చాలాసేపు నిలబడి, కాళ్లు పీకి, దూది మూటకు ఆనుకొని కూర్చునింది. పైకి చూస్తానే ఉంది. అట్లే చూస్తా చూస్తా నోరు తెరుచుకొని నిద్రపోయింది. అక్క నాకు ఉయ్యాల మీద నుంచి కన్ను కొట్టింది.

పొద్దున ఆమె కుప్పం బయలుదేరింది, ఒక్కతే. గడప దాటతా ఆగి, నా పక్క చూడకుండా అడిగింది.

"మా వంటిల్లు కూడా ఒకటుండాది తంబీ, మిద్దే. అది ఎట్ల చెయ్యాల?"

"మద్రాసోడికి మిద్దె సంగతి ఏం తెలుసత్తా?" అన్నాను. అమ్మ నా వీపు మీద ఒకటి వేసింది. అప్పుడు చెప్పినాను.

మండీకి పోతే ఫోను ముందే మోగతా ఉంది. పుంగనూరు. ఏజెంటు ఇంట్లో మూడు చోట్ల కారిందంట, అన్నీ పిల్లులు తవ్విన గుంతలే. నేను సావుకారి పక్క చూసినాను. ఆయన మిద్దె కూడా కారినట్టుంది, చెప్పు చెప్పు అని చెయ్యి ఊపినాడు. లైను పూర్తిగా అయిపోయేదాకా, నీళ్లు ఎంత, పదును ఎంత, దిమ్మిస ఎప్పుడు, అన్నీ గొంతెత్తి చెప్పినాను. మధ్యలో ఎక్స్‌ఛేంజి ఆయన, "సార్, దిమ్మిస కాడ మళ్లీ చెప్పండి, రాసుకుంటాండా," అన్నాడు.

ఆ సాయంత్రం మిద్దెక్కినాను. బూడిదరంగు పిల్లి గోడ మీద నుంచి దిగి, అక్క గది నెత్తిన ఉన్న ముక్కను ముందరికాలితో తాకింది. కాలు విదిలించుకొనింది. ఇంకో చోట తాకింది, మళ్లీ విదిలించుకొనింది. నన్ను ఒకసారి తేరిపార చూసి, గోడ దూకి, పరుపులామె పెరట్లో మూల రేకు తీసి పెట్టిన గోలెంలోకి దిగింది.

కింద టంగ్ టంగ్ మొదలైంది. అక్క అయిదో నెలదాకా మా ఇంట్లోనే ఉండింది.